ఇంటి తీపి వంటలు – ఆయుర్వేద నియమములు

పండుగ సెలవులు ముగిసి వసతిగృహమునకు తిరిగి వచ్చు విద్యార్థినుల పెట్టెలలో నుండి పుస్తకముల కంటె ముందుగా బయటికి వచ్చునది తీపి డబ్బా. ఒక డబ్బాలో సున్నుండలు, మరొక దానిలో నువ్వుల ఉండలు, ఇంకొక దానిలో గోంద్ లడ్డూలు, వేరొక దానిలో ఖర్జూరము, బాదము కలిపి దంచిన ముద్దలు. మూత తీసిన గంట లోపల ఏ డబ్బా ఎవరిదో చెప్పుట కష్టమగును. "మా అమ్మ చేసింది, తింటే బలం" అనియే అందరును పంచిపెట్టుదురు. ఈ బలము అనునది ఏమి? తీపి వలన అది నిజముగా వచ్చునా? వచ్చినచో ఎంత వచ్చును? ఈ ప్రశ్నలకు మన ప్రాచీన వైద్యశాస్త్రము చెప్పిన సమాధానమును, నేటి పోషకాహార శాస్త్రము చెప్పు సమాధానమును ప్రక్క ప్రక్కన ఉంచి పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మన కళాశాల రెండు భాషల కూడలి గనుక ముందుగా ఒక చిన్న మాట. తీపి విషయమున ఈ భాషల మధ్య పాత చుట్టరికము కలదు. సంస్కృతములోని శర్కర ఫారసీలో షకర్ అయినది. అరబ్బీలో సుక్కర్ అయినది. ఖండ అను మాట ఖంద్‌గా మారి, ఐరోపా చేరి, పిల్లలు అంగడిలో కొనుక్కొను క్యాండీ అయినది. దానికి బదులుగా కాబోలు, తీపి అను అర్థముగల అరబ్బీ ధాతువు నుండి పుట్టిన హల్వా మన పల్లెటూళ్ళ పెండ్లి విందులలో స్థిరపడినది. ఔషధ చూర్ణములను తేనెలో గాని, పాకములో గాని కలిపి ఆయుర్వేద వైద్యులు లేహ్యము చేయుదురు. యూనానీ హకీములు మాజూన్ చేయుదురు. చార్మినార్ చెంతనున్న నిజామియా తిబ్బీ కళాశాల పుణ్యమా అని హైదరాబాదు వారికి ఈ రెండవ మాట కొత్త కాదు. ఒక యింటిలో "వేడి చేస్తుంది" అనినను, మరొక యింటిలో "గరం" అనినను, పదార్థములను ఉష్ణము, శీతము అని విభజించి చూచు దృష్టి రెండింటను కలదు.

ఆహారమును గూర్చి చరకసంహిత విమానస్థానములో ఎనిమిది అంశములు చెప్పబడినవి. ద్రవ్యము యొక్క సహజ స్వభావము ప్రకృతి, దానికి మనము చేయు సంస్కారము కరణము, ఒక దానితో మరొక దానిని చేర్చుట సంయోగము, పరిమాణము రాశి, తరువాత దేశము, కాలము, భుజించు నియమము, చివరకు భుజించు వ్యక్తి. తీపి వంటలకు ఈ ఎనిమిదింటిలో మొదటి నాలుగును, చివరిదియు అత్యంత ముఖ్యములని నా అభిప్రాయము. మనవారు మొదటిదానిని మాత్రమే పట్టుకొని "మినుములు బలము, నువ్వులు బలము" అని తక్కిన వానిని మరచుచున్నారు.

సున్నుండనే ఉదాహరణముగా తీసికొందము. మినుములు స్వభావముచే గురువు, స్నిగ్ధము, బలకరము అని శాస్త్రము. గురువు అనగా ఆలస్యముగా జీర్ణమగునది. మినపపప్పులో నూటికి ఇంచుమించు 23 వంతులు మాంసకృత్తులు కలవని నేటి పట్టికలు చెప్పుచున్నవి గనుక బలకరమను మాట వట్టిది కాదు. కాని పచ్చి మినుములను ఎవ్వరును తినజాలరు. ఇక్కడనే కరణము యొక్క ప్రయోజనము కనబడును. పావుకిలో మినుములను బాణలిలో పోసి, సన్నని సెగపై, చేయి ఆపక, అరగంట వరకు కలియబెట్టవలెను. పొట్టుతో వేయించినచో వాసన మరింత కమ్మగా నుండును. పొట్టు తీసిన గుళ్ళయినచో రంగు దోరగా మారుట కంటికి స్పష్టముగా తెలియును. తొందరపడి పెద్ద మంట పెట్టినచో పైన మాడి లోపల పచ్చిగా నుండును. అట్టి సున్నుండ నోటికి అంటుకొనును, కడుపు ఉబ్బరమును కలిగించును. వేడి వలన పప్పుధాన్యములలోని కొన్ని జీర్ణనిరోధకములు నశించునని నేటి శాస్త్రము వివరించుచున్నది. గురువైన దానిని సంస్కారముచే లఘువుగా చేయవచ్చునని చరకుడు చెప్పినదియు ఇదియే. బియ్యము కంటె పేలాలు తేలికయని ఆయన చూపిన ఉదాహరణము ఇప్పటికిని మన రోగులకు పేలాలజావ కాచి యిచ్చుటలో నిలిచియున్నది.

వేయించిన మినుములు పూర్తిగా చల్లారిన పిదప కొంచెము బరకగా విసరవలెను. తిరగలి ఉన్నచో అదృష్టము. లేనిచో మిక్సీని ఆపి ఆపి త్రిప్పవలెను, లేకున్న పిండి వేడెక్కును. పావుకిలో తురిమిన బెల్లము, నాలుగు యాలకులు, చిటికెడు శొంఠిపొడి కలిపి, కరగిన నెయ్యి 125 గ్రాములు కొంచెము కొంచెముగా పోయుచు ఉండలు కట్టవలెను. ఈ కొలతకు 25 ఉండలు వచ్చును. ఒక్కొక్క దానిలో ఇంచుమించు 115 కిలోకేలరీల శక్తియు, 2 గ్రాములకు కొంచెము పైబడిన మాంసకృత్తులును ఉండును. చిటికెడు శొంఠి, యాలకులు కేవలము సువాసనకు కాదు. గురువైన ద్రవ్యమునకు దీపన ద్రవ్యమును తోడుచేయుట సంయోగము. బొబ్బట్టులో యాలకులు, పానకములో మిరియము, బాలింతకు పెట్టు కాయములో శొంఠి, వాము, పిప్పళ్ళు, దక్కను ముస్లిము కుటుంబములలో బాలింతకు వండు అచ్వానీలో వాము – వీనియన్నింటి వెనుక ఒకే ఆలోచన కలదు. ఆయుర్వేదములో ప్రసూతికి చెప్పిన సౌభాగ్యశుంఠి అను పాకము గూడ చక్కెర, పాలు, నెయ్యి చేరిన ఒక తీపి వంటకము వంటిదియే.

నెయ్యిని గూర్చి చరకుడు చేసిన ఒక పరిశీలన నాకు మిక్కిలి ఇష్టము. నెయ్యి తన గుణమును విడువకయే తనతో పక్వమైన ద్రవ్యముల గుణములను గ్రహించునట. యాలకులను నీళ్ళలో మరిగించి చూడుడు, నేతిలో వెచ్చజేసి చూడుడు. భేదము వెంటనే తెలియును. సుగంధ ద్రవ్యములలోని తైలములు కొవ్వులో కరగును, నీటిలో అంతగా కరగవు. అయితే నేతిలో సగమునకు పైగా సంతృప్త కొవ్వు ఉన్నదనుటయు అంతే నిజము. అందుచేత ఉండ కట్టుటకు చాలినంత నెయ్యి చాలును. వ్రేళ్ళ సందుల నుండి కారవలసిన అవసరము లేదు. నేతికి బదులు వనస్పతి వాడుట మాత్రము కూడదు. దానిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములని తేలిన పిమ్మట, 2022 సంవత్సరము నుండి మన దేశములో నూనెలు, కొవ్వులలో వాని పరిమితి నూటికి 2 వంతులకు తగ్గింపబడినది.

ఇక పాకము. నువ్వుల ఉండలు, వేరుసెనగ ఉండలు, మరమరాల ఉండలు చేయువారికి ఇది కత్తిమీద సాము. లేతగా దించినచో ఉండ నిలువదు. ముదిరినచో పండ్లు విరుగును. మా అమ్మగారు ఒక గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకొని, అందులో పాకపు చుక్క వేసి చూచెడివారు. చుక్క చెదరక అడుగునకు పోవలెను. తీసి వ్రేళ్ళతో నొక్కినచో మెత్తని ఉండ కావలెను. వ్రేళ్ళ మధ్య తీగ సాగవలెను. చాలా సంవత్సరముల తరువాత శార్ఙ్గధరసంహితలో అవలేహము సిద్ధమైన గుర్తులు చూచితిని. తంతువు సాగుట, నీటిలో మునుగుట, నొక్కినచో వ్రేలిముద్ర పడుట, వాసన, వర్ణము, రుచి చక్కగా వ్యక్తమగుట – ఇవియే ఆ గుర్తులు. చదువు రాని మా అమ్మగారికి ఆ గ్రంథము పేరు గూడ తెలియదు. వైద్యుని బాణలి నుండి వంటయింటికి ఈ పరీక్ష వచ్చినదో, వంటయింటి నుండియే వైద్యుడు నేర్చుకొనెనో గాని రెండవదియే జరిగియుండునని నాకు తోచును.

అదే గ్రంథములో మరొక కొలత కలదు. అవలేహమునకు చూర్ణము ఒక వంతయినచో చక్కెర నాలుగు వంతులు, బెల్లమైనచో రెండు వంతులు వేయవలెనట. ఇది ఔషధమునకు చెప్పిన కొలత. చెంచాడు మాత్రము నాకు మందులో అంత తీపి ఉన్నను బాధ లేదు. కాని లేహ్యమును రొట్టెకు పూసికొని తిను నేటి అలవాటు ఆ కొలతను వ్రాసినవారు ఊహింపనిది. దానితో పోల్చినచో సగము పిండి, సగము బెల్లము గల సున్నుండ ఎంతో నయము.

బెల్లము మాట వచ్చినది గనుక కొంచెము నిలిచి చెప్పవలెను. ఒక సంవత్సరము నిలువయున్న పాత బెల్లము లఘువు, పథ్యము అనియు, కొత్త బెల్లము కఫకరము అనియు ఆయుర్వేదము. అంగడిలో మనము చూచునది రంగు. అనకాపల్లి వంటి పెద్ద బెల్లపు విపణిలో సైతము పసుపుపచ్చని దిమ్మకు ఉన్న గిరాకి నల్లదానికి లేదు. ఆ బంగారు రంగు కొరకు కాచునప్పుడు హైడ్రోస్ అను రసాయనమును కలుపుట అనేక చోట్ల వాడుక. కావున కొంచెము నలుపు తిరిగిన, ముదురు గోధుమ రంగు బెల్లమునే ఎంచుకొనుడు. దానిని నీటిలో కరగించి వడగట్టినచో అడుగున మిగులు ఇసుకను, చెరకు పీచును చూచి మీరే ఆశ్చర్యపడుదురు. పాయసములో బెల్లము వేసినప్పుడు పాలు విరుగుట అందరికిని అనుభవమే. బెల్లములో స్వల్పముగా ఆమ్లము ఉండుటయే దానికి కారణము. బియ్యము పాలలో పూర్తిగా ఉడికిన తరువాత దించి, కొంత వేడి తగ్గిన పిమ్మట, వేరుగా కరగించి వడగట్టిన బెల్లపు పాకమును కలిపినచో విరుగదు.

బెల్లములో ఇనుము ఉన్నదనునది మన అందరి నమ్మకము. ఆ నమ్మకము వలన నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా విద్యార్థిని ఒకతె మెట్లెక్కుచు మధ్యలోనే కూర్చుండిపోయెడిది. ముఖము పాలిపోయినది, తరగతిలో కన్నులు మూతపడెడివి. రక్తము తక్కువైయుండునని ఊహించి, వారమునకొకసారి నువ్వుల ఉండలు చేసి యిచ్చుచుంటిని. రెండు నెలలు గడచినవి. ఆమె శ్రద్ధగా ప్రతి ఉదయము ఒక ఉండ తిని, వెంటనే టీ త్రాగెడిది. నీరసము తగ్గకపోగా ఒకనాడు ప్రార్థనా సమావేశములో పడిపోయినది. పరీక్షింపగా హిమోగ్లోబిన్ 7 గ్రాములు. ఆ వయస్సు స్త్రీలకు కనీసము 12 ఉండవలెను. వైద్యురాలు నన్ను చూచి, "రెండు నెలలు లడ్డూలు పెట్టారా, అమ్మా? ఆ రెండు నెలలు మాత్రలు వేసుకుని ఉంటే ఈ పాటికి సగం కోలుకునేది" అనెను. నాకు సమాధానము దొరకలేదు.

ఆ రాత్రి కూర్చుండి లెక్క వేసితిని. నూరు గ్రాముల నువ్వులలో సుమారు 15 మిల్లీగ్రాముల ఇనుము, నూరు గ్రాముల బెల్లములో సుమారు 4 లేక 5 మిల్లీగ్రాములు. 30 గ్రాముల ఉండలో రెండును సగము సగము గనుక, మొత్తము 3 మిల్లీగ్రాములు దాటదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము వయోజన స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. అనగా ఉండల చేతనే దానిని పూరింపదలచినచో దినమునకు పది తినవలెను. అంతేకాదు, గింజలలోని ఇనుములో శరీరము గ్రహించునది స్వల్ప భాగము మాత్రమే; టీలోని పదార్థములు ఆ స్వల్ప భాగమును గూడ అడ్డగించును. ఆ పిల్ల ప్రతి ఉదయము ఒక చేతితో తీసికొన్న దానిని రెండవ చేతితో పోగొట్టుకొనుచుండెను. మాత్రలు వాడిన పిదప కొన్ని నెలలకు కోలుకొని పరీక్షలు వ్రాసినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. అనగా ఈ పత్రికను చదువుచున్న విద్యార్థినులలో గూడ సగము మంది వరకు ఉండవచ్చును. నీరసము ఉన్నవారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఉండలు ఆ తరువాత.

అట్లని నువ్వుల ఉండ వ్యర్థమని కాదు. ఆహారముగా అది ఉత్తమమైనది. ఔషధముగా చాలదు, అంతే. దానిని టీతో గాక జామపండుతో గాని, ఉసిరికాయతో గాని తినినచో వానిలోని సి విటమిను ఇనుమును గ్రహించుటకు తోడ్పడును. నువ్వులు, జామ, ఉసిరి మూడును చలికాలమున విరివిగా లభించుట మన భాగ్యము. ఆంధ్ర ప్రాంతమున పెద్దమనిషియైన పిల్లలకు పెట్టు చిమ్మిలి వీనిలో సులభమైనది. కొంచెము వెచ్చజేసిన నువ్వులను, బెల్లమును రోటిలో వేసి నూనె పైకి తేలువరకు దంచుటయే. పాకము లేదు, నెయ్యి లేదు, పొయ్యి వద్ద నిలువబడు శ్రమయు లేదు. వసతిగృహములో సైతము చేసికొనదగినది. వేరుసెనగలతో చేయువారు ముడుచుకొనిన, నల్లబడిన, చేదు గింజలను ఏరి పారవేయవలెను. బూజు పట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును, అది వేపుడుతో పూర్తిగా పోదు.

కాలము విషయము సంగ్రహముగా చెప్పెదను. హేమంత శిశిరములలో జఠరాగ్ని బలముగా నుండును గనుక గురువు, స్నిగ్ధము, మధురము అయినవి అప్పుడు తగును. వసంతములో వానిని తగ్గించవలెను. గ్రీష్మమున చరకుడు చెప్పినది చక్కెర కలిపిన చల్లని సత్తుపిండి నీరు; ఉర్దూ ఇండ్లలోని సత్తూ షర్బత్ దాదాపు అదియే. వానకాలమున అగ్ని మందగించును గనుక నేతి మిఠాయిలు మితముగా.

తేనెను గూర్చి రెండు హెచ్చరికలు. తేనెను వేడి చేయరాదని, వేడి పదార్థములలో కలుపరాదని చరకుని నిషేధము. వేడిచేసిన తేనె విషమని నేటి రసాయనశాస్త్రము నిరూపింపలేదు గాని, దానిలోని ఎంజైములు, సువాసన నశించుట నిజము. కావున ఖర్జూరపు ముద్దలలో తేనె కలుపువారు అన్నియు చల్లారిన తరువాతనే కలుపుట మేలు. రెండవది ఇంతకంటె ముఖ్యము. ఒక సంవత్సరము నిండని శిశువుకు తేనె నాకించరాదు. పెద్దలకు హాని చేయని ఒక సూక్ష్మజీవి తేనెలో ఉండి శిశువు ప్రేగులలో ప్రాణాంతకమగు విషమును పుట్టించగలదు.

ఇక ఎనిమిదవ అంశము, భుజించు వ్యక్తి. మా నాన్నగారికి మధుమేహము ఉన్నదని తెలిసిన నాటి నుండి ఇంటిలో చక్కెర డబ్బా కనబడకుండ పోయినది. దాని స్థానమున బెల్లము వచ్చినది. "బెల్లం సహజం, ఏం చేయదు" అని చుట్టములందరును ధైర్యము చెప్పిరి. రక్తములోని చక్కెర మాత్రము ఆ ధైర్యమును వినలేదు. బెల్లము కొన్ని ఖనిజములు గల చక్కెరయే. కొత్త ధాన్యము, పెరుగు, బెల్లపు వంటకములు, కదలక కూర్చుండుట ప్రమేహమునకు కారణములని చరకుడే ఎన్నడో స్పష్టముగా చెప్పియుండగా, ఆయుర్వేదము పేరు చెప్పి మధుమేహ రోగికి బెల్లము పెట్టుట ఎంత విడ్డూరము! 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారము ఆరోగ్యవంతుడు సైతము ఆహారములో చేర్చుకొను చక్కెరల నుండి తన శక్తిలో పదవ వంతునకు మించి పొందరాదు. దినమునకు 2000 కిలోకేలరీలు తినువానికి అది 50 గ్రాములు. బెల్లము, తేనె గూడ ఈ లెక్కలోనివే. ఒక సున్నుండలో 10 గ్రాముల బెల్లము కలదు. మూడు పూటల టీలో వేసికొను చక్కెరను గూడ ఇందులో కలిపి చూచుకొనుడు.

గురు ద్రవ్యములను తృప్తిలో మూడవ వంతు గాని, సగము గాని మాత్రమే తినవలెనని చరకుని రాశి నియమము. దానిని వంటయింటి భాషలోకి మార్చినచో – ఉండను నిమ్మకాయంత కట్టుడు, నారింజకాయంత కాదు. చేతికి అందినది ఒక్కటే అని మనస్సు తృప్తిపడును.

కళాశాల కార్యవర్గము వారికి ఒక విన్నపము. వసతిగృహమున సాయంకాలము ఇచ్చు టీ, బిస్కట్లకు బదులుగా చలికాలపు నెలలలో వారమునకు రెండు మూడు దినములు ఒక నువ్వుల ఉండ, ఒక జామపండు ఇచ్చుట సాధ్యమేమో ఆలోచింపగోరెదను. నూరుగురు విద్యార్థినులకు ఒక దినమునకు ఒకటిన్నర కిలో నువ్వులు, ఒకటిన్నర కిలో బెల్లము చాలును. టీ కావలసినవారికి ఒక గంట తరువాత ఇచ్చినచో మేలు. సంవత్సరారంభమున అందరికిని ఒకసారి రక్తపరీక్ష జరుగు ఏర్పాటు దీనికి ముందుగా ఉండవలెను. ఉండలు చేయు భారమును గృహవిజ్ఞాన విద్యార్థినులు సంతోషముగా స్వీకరింతురని వారితో మాటలాడిన పిదపనే వ్రాయుచున్నాను. రోలు ఒకటి కొనవలసి యుండును.